గడ్డి మిషన్లు, తోట పనిలో దెబ్బలు: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

గేటెడ్ కమ్యూనిటీల్లో, పార్కుల్లో, రోడ్డు డివైడర్ల మీద మొక్కల పని చేసేవాళ్లు, మేస్త్రీలు, చిన్న కాంట్రాక్టర్లు, అసోసియేషన్ల వాళ్లు అడిగే సందేహాలు ఎప్పుడూ దాదాపు ఇవే. పని జరిగే వరసలో పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది.

## మిషన్ స్టార్ట్ చేయకముందు

బ్రష్ కట్టర్‌కు (భుజానికి తగిలించుకుని గడ్డి కోసే మిషన్‌కు) గార్డు తీసేస్తే పని త్వరగా అవుతుందని మేస్త్రీ అంటున్నాడు. తీసేయొచ్చా?

తీయకూడదు. గార్డు లేకపోతే నైలాన్ తీగను పొడుగ్గా వదులుకోవచ్చు, ఒక్క ఊపులో వెడల్పుగా కోయొచ్చు. మేస్త్రీకి కనిపించే లాభం అదే. గార్డు అంచున ఉండే చిన్న కత్తి తీగను కొలత మించనివ్వదు. ఆ కత్తి లేకుంటే పొడుగు తీగ ఇంజిన్‌కు బరువై రేజు (ఇంజిన్ వేగం) పడిపోతుంది, క్లచ్ జారి కాలుతుంది. పది నిమిషాలు వేగంగా కనిపించిన పని ఆ తర్వాత రిపేరు షాపు ముందు ఆగుతుంది. రాళ్లు, గాజు పెంకులు నేరుగా మీ మోకాలి కింది ఎముకకో, ముఖానికో తగులుతాయి. కావాలని గార్డు తీసిన కార్మికుడికి పరిహారం ఇవ్వనక్కర్లేదని యజమాని వాదించడానికి చట్టంలో చోటు కూడా ఉంది. తీయమన్నది మేస్త్రీ అయినా, తీసింది మీరే అని రాస్తారు.

నైలాన్ తీగ మాటిమాటికీ తెగిపోతోంది. బైక్ క్లచ్ వైరు కట్టుకుంటే ఏమవుతుంది?

ఈ పనిలో ఇంతకంటే ప్రమాదకరమైన అలవాటు ఇంకొకటి లేదు. తీగ 40 సెంటీమీటర్ల వలయంలో నిమిషానికి 7,000 చుట్లు తిరిగితే దాని కొస సెకనుకు దాదాపు 146 మీటర్లు వెళ్తుంది, అంటే గంటకు 500 కిలోమీటర్ల పైమాటే. నైలాన్ ముక్క తెగితే తేలిక కాబట్టి గాలిలోనే వేగం పోతుంది. ఇనుప పోగు అలా కాదు, తూటాలా వెళ్తుంది. రాయికి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి, ఎండు గడ్డి అంటుకుంటుంది. తీగకు బదులు గొలుసు ముక్కలు బిగించిన హెడ్లదీ (మిషన్ కొసన తిరిగే భాగాలదీ) ఇదే కథ. 2010లో బ్రిటన్‌లో అలాంటి హెడ్ నుంచి ఊడిన గొలుసు లింకు తగిలి ఒక మనిషి చనిపోయాక, 2012లో యూరోపియన్ యూనియన్ వాటి అమ్మకాన్నే ఆపేసింది. మన దగ్గర అవి ఆన్‌లైన్‌లో ఇప్పటికీ దొరుకుతాయి. దొరికినంత మాత్రాన కొనకండి.

తీగ తెగడానికి అసలు కారణాలు వేరు. పాతబడి ఎండిపోయిన నైలాన్ పెళుసెక్కుతుంది. దాన్ని వాడే ముందు ఒక రోజంతా నీళ్లలో నానబెడితే మెత్తబడుతుంది. గోడకూ, కర్బ్ రాయికీ ఆనించి కోస్తే ఎంత మంచి తీగైనా అరిగిపోతుంది, అంచు దగ్గర కొస మాత్రమే తగలాలి. హెడ్‌లో అడ్డదిడ్డంగా చుట్టిన తీగ వేడికి ఒకదానికొకటి అతుక్కుని బయటికి రాదు. మిషన్ పుస్తకంలో చెప్పిన మందమే వాడాలి. మామూలు బ్రష్ కట్టర్లకు ఎక్కువగా 2.4 మిల్లీమీటర్ల తీగ సరిపోతుంది.

ఇనుప బ్లేడు ఎప్పుడు వేయాలి? నట్టు ఎటు తిప్పి బిగించాలి?

లాన్ అంచులకు, నడిచే దారి పక్కన, జనం తిరిగే చోట నైలాన్ తీగే. ఏపుగా పెరిగిన ముతక గడ్డికి మూడు పళ్ల బ్లేడు. వేలి మందం చెట్టుపిల్లలకు రంపంలాంటి బ్లేడు. బ్లేడు మారిస్తే దానికి తగిన గార్డు కూడా మార్చాలి. నట్టు విషయంలో చాలామంది పొరపాటు పడతారు: చాలా మోడళ్లలో మర తిరగేసి ఉంటుంది, మామూలు నట్టు వదులయ్యే వైపు తిప్పితేనే ఇది బిగుస్తుంది. గేర్ బాక్సు కంతలో పిన్ను పెట్టి షాఫ్టు కదలకుండా చేసి బిగించండి. నట్టు పట్టు చేతికి వదులుగా అనిపిస్తే కొత్తది వేయండి. పగులు కనబడిన బ్లేడుకు వెల్డింగ్ పెట్టించవద్దు.

రోజూ పొద్దున్నే మిషన్ అంతా చూసుకునే టైము ఎక్కడుంది?

అయిదు నిమిషాలు చాలు. బ్లేడు పగుళ్లు, నట్టు, గార్డు, పెట్రోలు కారడం, ఆఫ్ స్విచ్ పనిచేస్తోందో లేదో చూడండి. తర్వాత స్టార్ట్ చేసి రేజు వదిలేయండి. ఐడ్లింగ్‌లో బ్లేడు పూర్తిగా ఆగి ఉండాలి. మెల్లగా తిరుగుతూనే ఉంటే ఐడ్లింగ్ ఎక్కువగా ఉన్నట్టు, లేదా క్లచ్ స్ప్రింగు పోయినట్టు. ఆ మిషన్‌తో ఆ రోజు పని వద్దు. భుజం బెల్టు కొక్కెం ఒక్క లాగుతో ఊడుతోందా అన్నదీ చూడాలి, మంట లేచినప్పుడో తేనెటీగలు లేచినప్పుడో మిషన్‌ను అక్కడే వదిలేయాల్సి వస్తుంది. ఆ తర్వాత కోయబోయే జాగా ఒకసారి నడిచి రండి. కంకర, బైండింగ్ వైరు, సీసాలు ఏరేయండి. కొత్త అపార్ట్‌మెంట్లలో మట్టి కింద మిగిలిన బైండింగ్ వైరు చుట్టలు హెడ్‌కు తగులుకుంటే కొరడాలా తిరిగి కాళ్లకు చుట్టుకుంటాయి.

నల్ల కళ్లద్దాలు చాలవా? జాలీ ఉన్న హెల్మెట్ ఇచ్చారు, అది సరిపోతుందా?

ఎండకు పెట్టుకునే అద్దాలు పగిలి కంట్లోనే గుచ్చుకోవచ్చు. జాలీ పెద్ద రాయిని ఆపుతుంది కానీ ఇసుక రేణువునూ గడ్డి ముల్లునూ ఆపదు. జాలీ కింద ఐఎస్ 5983 (కళ్ల రక్షణకు భారత ప్రమాణం) ముద్ర ఉన్న పాలీకార్బొనేట్ కళ్లద్దాలు కూడా పెట్టుకోవాలి. చెమటకు ఆవిరి పడుతోందని తీసేస్తారు. పక్కల గాలి రంధ్రాలున్నవి కొనండి, మెడలో తుడుచుకునే గుడ్డ ఉంచుకోండి. కాళ్లకు గమ్ బూట్లు. చెప్పులతో మిషన్ పట్టిన మనిషిని పనిలోకి రానివ్వకపోవడం సూపర్‌వైజర్ చేయగలిగిన మంచి పనుల్లో మొదటిది. ఏపు గడ్డిలో రక్తపింజర ఉన్నా ఆ బూటే కాపాడుతుంది.

చీర కట్టుకుని మిషన్ల దగ్గర పనిచేసే ఆడవాళ్లు ఏం జాగ్రత్త తీసుకోవాలి?

చీర మీద పూర్తి చేతుల చొక్కా వేసుకుని కొంగు లోపలే బిగించడం ఇప్పటికే చాలామంది చేస్తున్నదే, అది సరైన పద్ధతి. జడ ముడి వేసి స్కార్ఫ్ లోపల పెట్టాలి. ఎక్కువ భయపడాల్సింది ట్రాక్టర్ వెనక తిరిగే పీటీఓ షాఫ్టు (ఇంజిన్ శక్తిని వెనకున్న మిషన్‌కు అందించే కడ్డీ) దగ్గర. అది నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది. కొంగు అంచు తగిలిందని తెలిసేలోపే మనిషిని లాగేస్తుంది. షాఫ్టుకు ప్లాస్టిక్ కవరు లేని ట్యాంకర్ మోటారు దగ్గరికి ఎవరూ వెళ్లకూడదు, లుంగీ కట్టుకున్న మగవాళ్లు కూడా.

మిషన్ వేడిగా ఉన్నప్పుడే పెట్రోలు పోయొచ్చా?

వద్దు. పది నిమిషాలు ఆగండి. నీడలో, మట్టి నేల మీద పోసి, పోసిన చోటికి కనీసం మూడు మీటర్ల దూరంలో స్టార్ట్ చేయండి. ఆయిల్ కలిపిన పెట్రోలును తాగునీళ్ల సీసాలో పెట్టవద్దు. దాహంతో వచ్చినవాడు మూత తీసి గొంతులో పోసుకుంటాడు.

## మిషన్ నడుస్తున్నప్పుడు

చుట్టూ పిల్లలు, కార్లు ఉంటే ఎంత దూరం ఉంచాలి?

అన్ని వైపులా 15 మీటర్లు, అంటే దాదాపు మూడు కార్లు వరసగా పెట్టినంత. చాలా బ్రష్ కట్టర్లలో హెడ్ పైనుంచి చూస్తే గడియారానికి ఎదురు తిరుగుతుంది కాబట్టి చెత్త ఎక్కువగా ఎడమ పక్కకు లేస్తుంది. కార్లను కుడి వైపు ఉంచుకుని నడవండి. అయినా గోడకు తగిలి రాయి ఎటైనా తిరిగి రావచ్చు. స్కూల్ బస్సు వచ్చే వేళ, సాయంత్రం నడకల వేళ మిషన్ తీయకపోవడమే ఉపాయం. పనివాడి దగ్గరికి వెనక నుంచి వెళ్లి భుజం తట్టకండి. చెవుల్లో ప్లగ్గులుంటే అతనికి వినబడదు, ఉలిక్కిపడి తిరిగితే బ్లేడు మీ వైపే వస్తుంది. ఎదురుగా వచ్చి చెయ్యి ఊపండి.

బ్లేడు వేసినప్పుడు మిషన్ ఒక్కసారిగా పక్కకు తన్నుతోంది. ఎందుకు?

బ్లేడును గడియారం ముఖంలా ఊహించుకోండి, మీకు ఎదురు కొస 12. గడియారానికి ఎదురు తిరిగే మిషన్లలో 12కూ 2కూ మధ్య ఉన్న అంచు గట్టి కొమ్మకో రాయికో తగిలితే కోయలేక ఎగిరి కుడికో వెనక్కో తన్నుతుంది. మనిషి కూడా దాంతో పాటు తిరిగిపోతాడు. గట్టి కాండాన్ని ఎడమ అంచుతో, 8కీ 10కీ మధ్య భాగంతో, పూర్తి రేజులో కోయాలి. రేజు తక్కువగా పెట్టి మెల్లగా ఆనిస్తే భద్రమని చాలామంది అనుకుంటారు. అది తప్పు, తక్కువ వేగంలోనే బ్లేడు పట్టుకుని తన్నుతుంది. బెల్టు కొక్కెం తుంటికి కొంచెం కిందికి ఉండాలి, రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉండాలి.

వాలు మీద లాన్ మోవర్ ఎలా నడపాలి?

తోసుకుంటూ నడిపేదాన్ని వాలుకు అడ్డంగా నడపాలి. పైకీ కిందికీ నడిపితే జారినప్పుడు పాదం బ్లేడు కిందికి వెళ్తుంది. మీద కూర్చుని నడిపేదాన్ని మాత్రం పైకీ కిందికీ నడపాలి, అడ్డంగా వెళ్తే బోల్తా పడుతుంది. తడి గడ్డి మీద రెండూ వద్దు. మోవర్‌ను మీ వైపు వెనక్కి లాక్కోకండి, కాలి వేళ్లు పోయేది అలాగే. హ్యాండిల్ దగ్గర వదలగానే ఆగే లివర్ ఉంటే దాన్ని తాడుతో కట్టేయకండి. అమెరికాలో 1982 నుంచి వర్తించే నిబంధన ప్రకారం లివర్ వదిలిన మూడు సెకన్లలో బ్లేడు ఆగాలి. ఆ మూడు సెకన్ల కోసమే ఆ లివర్.

సాయంత్రానికి చేతులు తిమ్మిరెక్కుతున్నాయి, పొద్దున వేళ్లు తెల్లబడుతున్నాయి. మామూలేనా?

కాదు. మిషన్ అదురు వల్ల వేళ్ల నరాలు, రక్తనాళాలు దెబ్బతింటున్న గుర్తు అది. ముదిరితే తిరిగి రాదు. వంగిన బ్లేడు, పగిలిన రబ్బరు బుష్షులు, సమం తప్పిన హెడ్ వల్ల అదురు ఎన్నో రెట్లు పెరుగుతుంది, ముందు వాటిని మార్చాలి. ఒకే మనిషి రోజంతా మిషన్ పట్టకుండా గంటకో గంటన్నరకో మార్చుకోవాలి. హ్యాండిల్‌ను బిగపట్టకండి. బీడీ, సిగరెట్ రక్తనాళాలను ఇంకా ముడుచుకునేలా చేస్తాయి.

కరెంటు హెడ్జ్ ట్రిమ్మర్‌కు (కంచె మొక్కలు కత్తిరించే మిషన్‌కు) పొడుగు వైరు వేస్తున్నాం. చాలా?

30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉన్న ప్లగ్గు నుంచే తీసుకోండి. అతుకులున్న వైరు వద్దు. వైరును భుజం మీదుగా వెనక్కి వేసుకుంటే బ్లేడుకు అందదు. రెండు చేతులతో నొక్కితేనే తిరిగేలా చేసిన స్విచ్చుల్లో ఒకదానికి టేపు చుట్టేస్తే మిగిలిన చెయ్యి ఖాళీ అవుతుంది, ఖాళీ చెయ్యి కొమ్మను పక్కకు తప్పించడానికి బ్లేడు దగ్గరికే పోతుంది. కంచె చెట్టును ముందు కర్రతో కదిపి చూడండి, కందిరీగల తుట్టె ఉంటే తెలుస్తుంది.

కొబ్బరి మట్టలు, చెట్టు కొమ్మలు కరెంటు తీగల దగ్గరున్నాయి. మేమే కొట్టేయొచ్చా?

కొమ్మగానీ, దోటిగానీ, నిచ్చెనగానీ ఒరిగితే తీగకు అందే దూరంలో ఉంటే మీరు ముట్టుకోవద్దు. 11 కేవీ లైనుకు పచ్చి కొమ్మ తగిలినా చాలు, ఇనుప, అల్యూమినియం దోటి సంగతి చెప్పక్కర్లేదు. డిస్కమ్‌కు (కరెంటు సంస్థకు) 1912 నంబరులో చెప్పి, లైన్‌మన్ వచ్చి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకున్నాకే పని మొదలవ్వాలి. ‘కరెంటు పోయింది కదా, ఈలోపు కొట్టేద్దాం’ అనుకోకండి. ఎల్‌సీ లేని లైను ఏ క్షణాన్నైనా చార్జ్ అవుతుంది, ఎవరి ఇంట్లోనో జనరేటర్ నుంచి వెనక్కి కూడా రావచ్చు.

## ఇరుక్కున్నప్పుడు, శుభ్రం చేసేటప్పుడు

హెడ్‌కు గడ్డి చుట్టుకుంది. ఇంజిన్ ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. ఐడ్లింగ్‌లో తీసేయొచ్చా?

వేళ్లు పోయేది ఎక్కువగా ఈ పనిలోనే. గడ్డి బిగుసుకుని ఆగిన బ్లేడు మీద క్లచ్ తోస్తూనే ఉంటుంది, ముడి వదలగానే అర సెకనులో తిరుగుతుంది. ఇంజిన్ ఆపండి, బ్లేడు ఆగేదాకా ఉండండి, స్పార్క్ ప్లగ్ క్యాప్ లాగేయండి, తర్వాత కర్రతో తీయండి. బ్యాటరీ మిషన్‌కు బ్యాటరీ, కరెంటు మిషన్‌కు ప్లగ్గు ముందు తీయాలి. మళ్లీ స్టార్ట్ కాదన్న భయం ఉంటే అది కార్బొరేటర్ సమస్య, దాన్ని బాగుచేయించండి.

లాన్ మోవర్ కింద అంటుకున్న గడ్డి ఎలా గీకాలి?

ప్లగ్ క్యాప్ తీసి, ఎయిర్ ఫిల్టర్ పైకి ఉండేలా వాల్చండి. అటు కిందికి వాలిస్తే ఆయిల్ అందులోకి పోయి స్టార్ట్ అవ్వదు. క్యాప్ తీయకుండా బ్లేడును చేత్తో తిప్పితే ఇంజిన్ ఒక్క దెబ్బ కొట్టవచ్చు. ఆ ఒక్క దెబ్బకే వేళ్లు పోతాయి.

కొమ్మలు ముక్కలు చేసే చిప్పర్‌లో కొమ్మ ఇరుక్కుంటే కాలితో తోయొచ్చా?

ఎప్పటికీ వద్దు. కొమ్మను మొదలు వైపు నుంచి, పక్కన నిలబడి వేయాలి. చిన్న ముక్కలను పొడుగు కొమ్మతోనే తోయాలి. వదులు గ్లౌజులు, తాళ్లు, మెడలో తువ్వాలు వేసుకుని ఈ మిషన్ దగ్గరికి రాకూడదు. ఇంజిన్ ఆపాక కూడా లోపలి బరువు చక్రం చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది, అది నిలిచిందని కంటితో చూశాకే మూత తెరవాలి. ఒక్కరే ఉన్నప్పుడు చిప్పర్ నడపకూడదు, ఎర్ర స్విచ్ నొక్కడానికి రెండో మనిషి ఉండాలి.

## దెబ్బ తగిలాక

కంట్లో ఏదో పడింది. నీళ్లతో కడిగితే చాలా?

దుమ్ము అయితే శుభ్రమైన నీళ్లతో పదిహేను నిమిషాలు కడగండి, నలపకండి. ఏదైనా వేగంగా వచ్చి తగిలితే, చూపు బాగానే ఉన్నా ఆ రోజే కంటి ఆస్పత్రికి వెళ్లాలి. సన్నని ఇనుప ముక్క లోపలికి దూరిన గాయం బయటికి గీత కూడా కనబడకుండా ఉండవచ్చు. బ్లేడు రాయికి తగిలిందని డాక్టరుకు తప్పక చెప్పండి, ఇనుము లోపల ఉండొచ్చనుకుంటే ఎంఆర్ఐ తీయకూడదు. గుచ్చుకున్నది కనబడుతుంటే లాగకండి, నొక్కకండి, పేపరు కప్పు బోర్లించి టేపు వేసి తీసుకెళ్లండి.

గడ్డి, ఆకు, ముల్లు గీసుకుంటే మరో ప్రమాదం ఉంది. రెండు మూడు రోజుల తర్వాత కన్ను ఎర్రబడి, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ వస్తే అది ఫంగస్ పుండు కావచ్చు. మన ప్రాంతంలో పొలం పని, తోట పని చేసేవాళ్లలో ఇది తరచూ కనబడేదే. మందుల షాపులో అడిగి వేసుకునే స్టిరాయిడ్ చుక్కలు దాన్ని మంటలా పెంచుతాయి. ఆకు పసర్లూ అంతే.

వేలు తెగిపోయింది. తెగిన ముక్కను ఏం చేయాలి?

ముందు మనిషి: శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి, చెయ్యి పైకెత్తి 108కి ఫోన్ చేయించండి. ఉంగరాలుంటే వాపు రాకముందే తీసేయండి. ముక్కను సెలైన్‌తోనో మంచినీళ్లతోనో తడిపి పిండిన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి, ఆ కవర్‌ను ఐసు నీళ్లున్న మరో కవర్లో పెట్టాలి. ముక్క నేరుగా ఐసుకు తగిలితే కణాలు చచ్చిపోతాయి. నీళ్లలో నానబెట్టినా పాడవుతుంది. ప్లాస్టిక్ సర్జన్ ఉన్న ఆస్పత్రికే ఫోన్ చేసి నేరుగా వెళ్లండి, గంటలు గడిచేకొద్దీ అతికే అవకాశం తగ్గుతుంది. ఏమీ తిననివ్వద్దు, తాగనివ్వద్దు.

చిన్న గాయమే, పసుపు పెట్టాం. టీటీ వేయించాలా?

వేయించాలి. మట్టి, పేడ ఎరువు కలిసిన నేల మీద పనిచేస్తారు కాబట్టి ఇది ధనుర్వాతం వచ్చే గాయమే. పసుపు, కాఫీ పొడి, గ్రీజు ఏదీ పెట్టకండి, డాక్టరు వాటిని గీకి తీయాల్సి వస్తుంది. పారే నీళ్లలో సబ్బుతో కడిగి, పొడి గుడ్డ కట్టండి.

## ఖర్చు, పరిహారం

నాకు ఈఎస్‌ఐ ఉంది. దెబ్బ తగిలి ఇంట్లో ఉంటే జీతం వస్తుందా?

పదిమంది, ఆపైన పనిచేసే సంస్థల్లో నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లకు ఈఎస్‌ఐ వర్తిస్తుంది. మీ జీతంలోంచి 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడతారు. పనిలో దెబ్బ తగిలి, ప్రమాదం జరిగిన రోజు కాక కనీసం మూడు రోజులు పని చేయలేకపోతే, కోలుకునేదాకా రోజు జీతంలో 90 శాతం వస్తుంది. ఎన్ని నెలలు కట్టారన్న లెక్క పని ప్రమాదాలకు లేదు, చేరిన మొదటి రోజు దెబ్బ తగిలినా వర్తిస్తుంది. ప్రమాదాన్ని ఈఎస్‌ఐకి తెలియజేయాల్సింది యజమాని, తెలిపాడో లేదో అడిగి చూసుకోండి.

ఈఎస్‌ఐ లేదు. బొటనవేలు పోయింది. ఎంత వస్తుంది?

1923 నాటి పరిహార చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది, లెక్క కట్టే పద్ధతి మాత్రం పాతదే. నెల జీతంలో 60 శాతాన్ని వయసుకు తగ్గ సంఖ్యతో గుణించి, అందులో వైకల్య శాతం తీస్తారు. లెక్కకు తీసుకునే జీతం పరిమితిని 2020 జనవరిలో 15,000 చేశారు. 30 ఏళ్ల మనిషి, 15,000 జీతం అనుకుంటే: 15,000లో 60 శాతమైన 9,000ను, 30 ఏళ్ల వయసుకు చట్టంలో ఉన్న సంఖ్య 207.98తో గుణిస్తే 18,71,820. బొటనవేలు పూర్తిగా పోతే 30 శాతం, అంటే 5,61,546 రూపాయలు. చూపుడు వేలు పూర్తిగా పోతే 14 శాతం. వైద్యం ఖర్చు దీనికి వేరు. దరఖాస్తు జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో, ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు.

నా తప్పు వల్లే జరిగిందంటున్నారు. ఏమీ రాదా?

ఏమరపాటు వేరు, కావాలని చేసింది వేరు. ఏమరపాటు ఉన్నా పరిహారం వస్తుంది. తాగి ఉండటం, కావాలని నిబంధన మీరడం, గార్డు లాంటివి తీసేయడం వల్ల దెబ్బ తగిలిందని యజమాని రుజువు చేస్తే ఆపవచ్చు. అప్పుడు కూడా ప్రాణం పోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా ఆపలేరు. గార్డు పైనుంచి చెప్పి తీయించి ఉంటే, చెప్పిన వాట్సాప్ సందేశాన్నో, విన్న తోటివాళ్ల పేర్లనో దాచుకోండి.

రోజు కూలీని. మేస్త్రీ డబ్బు చేతికిస్తాడు, కాగితం ఏదీ లేదు. ఇంట్లో జారిపడ్డానని ఆస్పత్రిలో చెప్పమంటున్నాడు.

అలా చెప్పకండి. కేస్ షీట్‌లో మొదట రాసిన మాటే తర్వాత అన్నిటికీ ఆధారం. ‘ఫలానా చోట, ఫలానా మిషన్‌తో పనిచేస్తుండగా’ అని రాయించి, మెడికో లీగల్ కేసుగా (ఆస్పత్రి పోలీసులకు తెలిపే కేసుగా) నమోదు చేయమనండి. గేటు రిజిస్టర్‌లో మీ పేరు, హాజరు ఫొటోలు, ఫోన్ పేలో పడ్డ కూలీ, పక్కన పనిచేసినవాళ్ల మాట, ఇవన్నీ రుజువులే. పెద్ద సంస్థ తీసుకున్న కాంట్రాక్టులో మేస్త్రీ కింద పనిచేస్తుంటే పరిహారం ఆ సంస్థ నుంచి కూడా అడగవచ్చు, ఆ తర్వాత మేస్త్రీ దగ్గర రాబట్టుకోవడం సంస్థ పని. ఆస్పత్రి బిల్లు కట్టాం కదా అని తెల్ల కాగితం మీద సంతకం అడిగితే పెట్టకండి. దెబ్బకు కారణమైన మిషన్‌ను అదే రోజు గార్డు బిగించి బాగుచేసేస్తుంటారు, అంతకుముందే దాని ఫొటో తీయించండి.